వార్డులో పుట్టిన ప్రశ్నకు ఆధారం ఎక్కడ?

(స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ వృత్తి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమ్మా, కానీ పాఠం మాత్రం చెప్పకు" అన్నారు. పాఠం చెప్పడమే నా వృత్తి. కాబట్టి ఆయన కోరికలో సగమే తీర్చగలను. 1986లో ఇక్కడ పదో తరగతి పాసైన నేను, ఇప్పుడు నర్సింగ్ కాలేజీలో టీచర్ని. మన బడి నుంచి నర్సింగుకు వెళ్లిన ఆడపిల్లలు తక్కువేం కాదు. హైదరాబాద్‌లో ఉన్నారు, గల్ఫ్‌లో ఉన్నారు, ఇంగ్లండ్‌లో, ఐర్లండ్‌లో ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ హాల్లోనే కూర్చుని, "ఇదేం చెబుతుందో చూద్దాం" అన్నట్టు నన్ను చూస్తున్నారు.

బీఎస్సీ నర్సింగ్‌లో రీసెర్చ్, స్టాటిస్టిక్స్ అని ఒక పేపరుంది. పిల్లలు బృందాలుగా ఒక ప్రాజెక్టు కూడా చేయాలి. ఈ పేపరంటే పిల్లలకు భయం, టీచర్లకు విసుగు. నిర్వచనాలు బట్టీ పట్టించి, పది మార్కుల ప్రశ్నలు నాలుగు చెప్పించి గట్టెక్కిస్తాం. ఇక ప్రాజెక్టంటారా, కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు ఉంటుంది. కిందటేడు సీనియర్లు చేసిన రిపోర్టు ఆ షాపు కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది. ఊరి పేరు మారుతుంది, గైడ్ పేరు మారుతుంది, స్పైరల్ బైండింగ్ రంగు మారుతుంది. చివర పేజీల్లో ఇచ్చే పాత పరిశోధనల జాబితా మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, అచ్చుతప్పులతో సహా. ఆ తప్పులను బట్టే ఏ రిపోర్టుకు ఏది తల్లో నేను చెప్పగలను.

ఇది ఒక్క కాలేజీ జబ్బు కాదు, పిల్లల సోమరితనమూ కాదని నా అభిప్రాయం. తనది కాని ప్రశ్నకు ఎవరైనా జవాబు ఎందుకు వెతుకుతారు? "ఫలానా గ్రామంలో తల్లులకు ఫలానా విషయంపై ఉన్న అవగాహన" అనేది ఆ పిల్ల ప్రశ్న కాదు. పరీక్ష కోసం మనం ఇచ్చిన ప్రశ్న.

2022లో మా క్లాసుకు ఒక సొంత ప్రశ్న దొరికింది. మెడికల్ వార్డు పోస్టింగులో ఉన్న మూడో సంవత్సరం అమ్మాయి దాన్ని తెచ్చింది. వార్డులో డెబ్భై దాటిన మామ్మగారు ఉన్నారు, బక్కపలచని మనిషి. చేతికి పెట్టిన సెలైన్ సూది మూడో రోజుకు వచ్చింది. 72 గంటలు దాటితే సూది మార్చాలన్నది వార్డు పద్ధతి. ఈ అమ్మాయి పాత సూది తీసేసి కొత్తది పెట్టబోతే నరం దొరకలేదు. రెండు సార్లు తను గుచ్చింది, మరో రెండు సార్లు స్టాఫ్ నర్సు గుచ్చారు. అప్పుడు మామ్మగారు అడిగారట: "మందు బానే ఎక్కుతోంది కదా తల్లీ, దాన్నెందుకు పీకేశావు?"

అమ్మాయి "రూలు మామ్మా" అంది. వార్డులో అయితే ఆ మాటతో సరిపోయింది. క్లాసుకు వచ్చాక ఆ మాట తనకే సరిపోలేదు. "మేడమ్, నిజంగా ఎందుకు పీకాలి?" అని నన్నడిగింది.

జవాబు చెప్పడం నాకు తేలికే. సూది ఎక్కువ కాలం ఉంటే నరం వాస్తుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, అందుకని మారుస్తారు. పుస్తకంలో అలాగే ఉంది. కానీ ఆ రోజు జవాబు చెప్పలేదు. నలభై మందినీ కంప్యూటర్ ల్యాబుకు తీసుకెళ్లాను. పన్నెండు కంప్యూటర్లున్నాయి, ఒక్కోదాని ముందు ముగ్గురూ నలుగురూ.

ముందు కంప్యూటర్లు ఆన్ చేయొద్దన్నాను. కాగితం మీద ప్రశ్నను తెలుగులో రాయమన్నాను. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. మా పిల్లల్లో సగానికి పైగా తెలుగు మీడియంలో చదివినవాళ్లే. ఇంగ్లిషులో ప్రశ్న రాయమంటే పాఠ్యపుస్తకంలో వాక్యం రాస్తారు. తెలుగులో రాయమంటే మామ్మగారి చెయ్యి గుర్తొస్తుంది. ప్రశ్నలో నాలుగు ముక్కలుండాలి: ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏమవుతుంది? ఇంగ్లిషులో దీన్ని పీకో అంటారు, 1995 నుంచీ వైద్య బోధనలో ఉన్న పద్ధతే. మా పిల్లలు రాసింది ఇది: "చేతి నరానికి సూది ఉన్న పెద్దవాళ్లకు, అవసరమైనప్పుడే సూది మారిస్తే, మూడు రోజులకోసారి తప్పనిసరిగా మార్చడంతో పోలిస్తే, నరం వాపూ ఇన్ఫెక్షనూ పెరుగుతాయా?" ఈ వాక్యానికి ముప్పావుగంట పట్టింది. ఎక్కువసేపు కొట్లాట మూడో ముక్క మీదే. దేనితో పోలుస్తున్నామో చెప్పకుండా "మంచిదా, కాదా" అని అడగడం మనందరికీ అలవాటు.

తర్వాత మాటల వేట. "వాపు" అన్న మన మాట తీసుకోండి. కాలికి నీరు పట్టినా వాపే, దెబ్బ తగిలి ఉబ్బినా వాపే, నరం ఎర్రబడి నొప్పెట్టినా వాపే. ఇంగ్లిషులో ఇవి ఎడీమా, స్వెల్లింగ్, ఇన్‌ఫ్లమేషన్ అని వేరువేరు, నరానికి వచ్చేది ఫ్లెబైటిస్. తప్పు మాటతో వెతికితే గుండె జబ్బు వాళ్ల కాళ్ల వాపు పేపర్లన్నీ వచ్చి మీద పడతాయి. తిరకాసు అటువైపూ ఉంది. మనం బెడ్‌సోర్ అనేదాన్ని ఇంగ్లిషు పేపర్లలో డెక్యుబిటస్ అల్సర్ అన్నారు, ప్రెషర్ అల్సర్ అన్నారు, 2016 నుంచి అమెరికాలో ప్రెషర్ ఇంజురీ అంటున్నారు. ఒక్క పేరుతో వెతికితే మిగతా పేర్లతో వచ్చినవి కనిపించవు. అందుకని ఒక్కో ముక్కకు ఎన్ని పేర్లున్నాయో పిల్లలతో బోర్డు మీద రాయిస్తాను. ఒకే వస్తువు పేర్ల మధ్య "ఆర్", వేరువేరు ముక్కల మధ్య "అండ్". వెతుకులాటలో ఉన్న వ్యాకరణం అంతే. మన తెలుగు మాస్టారు పర్యాయపదాలు ఎందుకు అన్నన్ని బట్టీ పట్టించారో నాకు నర్సింగ్ కాలేజీలో అర్థమైంది.

కంప్యూటర్లు ఆన్ చేశాక, చెప్పినా వినకుండా సగంమంది గూగుల్ తెరిచారు. మొదట వచ్చింది సూదులు తయారు చేసే కంపెనీ పేజీ. దాంట్లో అబద్ధం ఉందని నేననను. కానీ సూదులు అమ్ముకునేవాళ్లను సూది ఎప్పుడు మార్చాలని అడిగితే ఏం చెబుతారు? ఈ మాట పిల్లలకు ఇట్టే అర్థమైంది. అక్కడి నుంచి పబ్‌మెడ్‌కు వెళ్లాం. అది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే జాబితా, 1997 నుంచి అందరికీ ఉచితం. 3.5 కోట్లకు పైగా పేపర్ల వివరాలు అందులో ఉన్నాయి. రెండోది కోక్రేన్ లైబ్రరీ. ఆర్చీ కోక్రేన్ అనే బ్రిటిష్ వైద్యుడి పేరు మీద 1993లో మొదలైన సంస్థ వాళ్లది. ఒక ప్రశ్న మీద ప్రపంచంలో జరిగిన మంచి ట్రయల్స్ అన్నీ ఏరి, ఒకచోట పెట్టి, కలిపి చూస్తే ఏం తేలిందో చెబుతారు. 2007లో భారత వైద్య పరిశోధన మండలి దేశం మొత్తానికీ చందా కట్టి దాన్ని మనకు ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. ఈ సంగతి తెలియని నర్సింగ్ టీచర్లు చాలామంది నాకు తారసపడ్డారు. ప్రజల డబ్బుతో కొన్న పుస్తకం తెరవకపోతే ఎలా?

మొత్తానికి పేపర్ దొరికింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, మూడు ఆస్పత్రులు, 3283 మంది రోగులు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నడిపించిన పరిశోధకురాలు క్లెయిర్ రికార్డ్ వృత్తిరీత్యా నర్సు. ఆ ముక్క చెప్పగానే క్లాసులో వెన్నెముకలు నిటారుగా అయ్యాయి. రోగులను లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మూడో రోజు తప్పనిసరిగా సూది మార్చారు. రెండో గుంపుకు వాపో, నొప్పో, మందు ఎక్కకపోవడమో ఉంటేనే మార్చారు. నరం వాచినవాళ్లు ఈ గుంపులో 114 మంది, ఆ గుంపులో 114 మంది. రెండు చోట్లా 7 శాతమే.

పిల్లలు చప్పట్లు కొట్టి, ఇక అయిపోయిందనుకున్నారు. మన లెక్కల మాస్టారు జవాబు తప్పినా స్టెప్పులకు మార్కులు వేసేవారు, జవాబు సరిగ్గా ఉన్నా స్టెప్పులు లేకపోతే సున్నా వేసేవారు. మీకందరికీ ఆ సున్నాలు గుర్తుండే ఉంటాయి. పేపరు చదవడం కూడా అలాగే నేర్పుతాను. చివరి పేరా మూసేసి, మధ్యలో వాళ్లు ఏం చేశారో ముందు చదవమంటాను. ఎంతమందిని తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు, గుంపులు ఎలా విడదీశారు, డబ్బు ఎవరిచ్చారు? ఇంగ్లిషు కష్టమైతే పట్టికలు చూడమంటాను. అంకెలకు మీడియం లేదు.

తర్వాత 2019 నాటి కోక్రేన్ సమీక్ష చూశాం. 9 ట్రయల్స్, 7412 మంది. రెండు పద్ధతుల మధ్య స్పష్టమైన తేడా కనబడలేదన్నారు, సాక్ష్యం ఓ మోస్తరు గట్టిదేనన్నారు. అప్పుడు వెనక బెంచీలో ఉన్న పిల్ల, ఎప్పుడూ నోరు విప్పనిది, ఒక మాట అడిగింది: "అవసరమైనప్పుడు మార్చాలంటే రోజూ ఎవరో ఒకరు చూడాలి కదా మేడమ్. మన వార్డులో చూసేదెవరు?"

ఆ పూట క్లాసులో వచ్చిన ఆలోచనల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఒక నర్సు రాత్రి డ్యూటీలో ఎంతమంది రోగులను చూస్తోందో ఇక్కడున్న మా చెల్లెళ్లను అడగండి. మూడు రోజుల రూలుకు అదొక మేలు. ఎవరూ చూడకపోయినా మూడో రోజు సూది బయటికొస్తుంది. ఇంకా వెతికితే, 2021లో స్విట్జర్లాండ్‌లోని జెనీవా నుంచి వచ్చిన పేపరు దొరికింది. అక్కడి పెద్ద ఆస్పత్రిలో నాలుగు లక్షలకు పైగా సూదుల లెక్క. గడువు ప్రకారం మార్చడం మానేసిన కాలంలో రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయి, తిరిగి పాత పద్ధతికి వచ్చాక తగ్గాయి. ఇది లాటరీ వేసి చేసిన ట్రయల్ కాదు. ముందు కాలాన్నీ తర్వాతి కాలాన్నీ పోల్చింది. ఆ మేరకు బలం తక్కువ. కానీ రక్తంలో ఇన్ఫెక్షన్ అరుదుగా వచ్చేది. అరుదైనదాన్ని పట్టుకోవాలంటే ఏడు వేల మంది సరిపోకపోవచ్చు, నాలుగు లక్షల్లో అది కనబడొచ్చు.

"అయితే ఏది నిజం మేడమ్?" అన్నారు. పరీక్షలకు అలవాటుపడ్డ పిల్లలకు రెండు జవాబులంటే గాభరా. నా అభిప్రాయం నేను చెప్పాను: మన వార్డుల్లో మనుషులు చాలనంత కాలం గడువు ఎత్తేయొద్దు. కానీ గడువుంది కదా అని మధ్యలో చూడటం మానొద్దు. మామ్మగారిలాంటి వాళ్ల విషయంలో, నరాలు దొరకని మనిషికి బాగా పనిచేస్తున్న సూదిని పీకే ముందు, డాక్టరుగారితో ఒక మాట అనే ధైర్యం ఉండాలి. కొంతమంది ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాళ్ల దగ్గర కారణాలున్నాయి, అది చాలు నాకు.

వార్డులో ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే సినిమా కథలా ఉంటుంది. పిల్లలు ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి ఆ పేపర్లు తీసుకెళ్తే ఆవిడ మొదట, "ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నా, నాకు చెప్పొచ్చారా?" అన్నారు. పద్ధతి మార్చమని అడగడం లేదు, సూది పెట్టిన చోటును షిఫ్టుకోసారి చూసి రాస్తాం అనేసరికి మెత్తబడ్డారు. నరం ఎంత ఎర్రబడింది, నొప్పి ఉందా, గట్టిపడిందా అని సున్నా నుంచి ఐదు దాకా వేసే స్కోరు ఒకటుంది. ఇంగ్లండ్‌లో 1998లో ఆండ్రూ జాక్సన్ తయారు చేసిన దాన్ని తెలుగులో రాసి గోడకు అంటించారు. రోగి పక్కన ఉన్న బంధువులు కూడా చదివి, "సిస్టర్, మా నాన్నకు రెండుకొచ్చింది, చూడండి" అని పిలవడం మొదలుపెట్టారు. ఆరు వారాల పోస్టింగ్ అయ్యేదాకా బాగా సాగింది. తర్వాత పిల్లలు వేరే వార్డుకు వెళ్లారు, ఇన్‌ఛార్జి సిస్టర్ బదిలీ అయ్యారు, చార్టు మీద ఇంకో చార్టు అంటించారు. మూడు రోజుల రూలు అలాగే ఉంది.

ఇక నకిలీ సరుకు గురించి. 2013లో సైన్స్ పత్రిక ఒక తమాషా బయటపెట్టింది. జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు ఒక దొంగ పేపర్ రాశాడు. లైకెన్ నుంచి తీసిన పదార్థం క్యాన్సర్ కణాలను చంపుతుందని. లైకెన్ అంటే ఏమిటో అనుకునేరు, మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు ఆ జాతిదే. ఎవరైనా చూడగానే పట్టేసేంత పెద్ద తప్పులు కావాలనే పెట్టి, 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు అచ్చు వేస్తామన్నాయి. వాటిలో మన దేశం నుంచి నడిచేవి 64. తిప్పికొట్టిన మన పత్రికలు 15 మాత్రమే. డబ్బు కడితే చాలు, ఏదైనా అచ్చవుతుంది. పదోన్నతి కోసం ఇలాంటి చోట్ల పేపర్లు వేయించుకునే అధ్యాపకులు ఉన్నంతకాలం పిల్లలకు ఏ మొహంతో నీతులు చెబుతాం? ఈ మాటకు నా సహోద్యోగులకు కోపం వస్తే రానివ్వండి.

ఈమధ్య జిరాక్స్ షాపుకు పోటీ వచ్చింది, చాట్‌జీపీటీ. అడిగిందే తడవు పది పరిశోధనల పేర్లు చెబుతుంది. రచయిత నిజంగా ఉంటాడు, పత్రిక ఉంటుంది, సంవత్సరం ఉంటుంది. తీరా వెతికితే కొన్నిసార్లు ఆ పేపరు మాత్రం లోకంలో ఉండదు. దాన్ని వాడొద్దని నేను చెప్పను, చెప్పినా వినరు. నా క్లాసులో ఒకటే నియమం. రిపోర్టులో పేర్కొన్న ప్రతి పేపరుకూ పబ్‌మెడ్ నంబరు చేత్తో రాయాలి, మొదటి పేజీ ప్రింటు జతచేయాలి, అందులో ఎంతమంది రోగులున్నారో నేనడిగితే చూడకుండా చెప్పాలి. నలభై పరిశోధనల జాబితా ఈ నియమంతో ఎనిమిదికి వచ్చింది. ఆ ఎనిమిదీ చదివినవే.

"నర్సుకు ఇంత రీసెర్చ్ ఎందుకమ్మా, డాక్టరు చెప్పింది చేస్తే చాలదా?" అని మన అన్నయ్య ఒకరు నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగారు. అన్నయ్యా, పసిపిల్లల పడక సంగతి చెబుతాను. 1950ల చివరి నుంచి పాశ్చాత్య దేశాల్లో శిశువులను బోర్లా పడుకోబెట్టమని చెప్పారు. కక్కుకుంటే ఊపిరాడకుండా పోతుందని భయం. చెప్పింది ఎవరో కాదు, ఇంటింటా పుస్తకం ఉన్న డాక్టర్ స్పాక్ లాంటివాళ్లు. ఆస్పత్రుల్లో ఆ పడుకోబెట్టిన చేతులు చాలావరకు నర్సులవి. బోర్లా పడుకున్న పిల్లల్లో నిద్రలోనే హఠాత్తుగా చనిపోయేవాళ్లు ఎక్కువని తెలుసుకుని, వెల్లకిలా పడుకోబెట్టమని బ్రిటన్‌లో ప్రచారం మొదలైంది 1991లో, అమెరికాలో 1994లో. 2005లో లండన్ పరిశోధకులు పాత పేపర్లన్నీ ఒకచోట చేర్చి చూశారు. అప్పటిదాకా వచ్చిన పేపర్లను 1970లోనే ఎవరైనా కలిపి చూసి ఉంటే ప్రమాదం అప్పుడే తెలిసి ఉండేదన్నారు. బ్రిటన్‌లో పది వేలకు పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో మొత్తం కనీసం 50,000 మంది పిల్లల చావులు తప్పి ఉండేవని వాళ్ల లెక్క. పేపర్లు లైబ్రరీల్లోనే ఉన్నాయి. వెతికి కలిపినవాళ్లు లేరు.

మన అమ్మమ్మలు ఉయ్యాల్లో వెల్లకిలాగానే వేశారు కదా అని ఇక్కడ ఎవరో అంటున్నారు. వేశారు. ఆ అమ్మమ్మలే బొడ్డు ఊడకముందే దాని మీద ఏవేవో రాశారు కూడా. రెండింటినీ ఒకే తక్కెడలో తూచాల్సిందే, అమ్మమ్మయినా డాక్టర్ స్పాక్ అయినా.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సంఘం తరఫున బడికి కంప్యూటర్లు ఇస్తున్నారని విన్నాను. సంతోషం. వాటితో పాటు లైబ్రరీలో ఒక మనిషిని కూడా చూడండి, జీతమిచ్చి. వెతకడం నేర్పేవాళ్లు లేకపోతే ఆ కంప్యూటర్లలో జిరాక్స్ షాపు ఫైళ్లే ఉంటాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను పాత సైన్సు ల్యాబు గదిలో ల్యాప్‌టాప్‌తో కూర్చుంటాను. షుగరు గురించో, మోకాళ్ల గురించో, వాట్సాప్‌లో వచ్చిన కషాయం గురించో మీకు అనుమానం ఉంటే కాగితం మీద తెలుగులో రాసుకుని రండి. ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏమవుతుంది, నాలుగూ ఉండాలి. మందు రాసివ్వను, వెతికి చూపిస్తాను. నాలుగింటికి నా బస్సు.